వార్తకు వెల కడుతున్నది ఎవరు?

ఫోనులో వార్త ఊరికే వస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ ఏ వార్తా ఖర్చు లేకుండా తయారు కాదు. ఒక మనిషి గని దగ్గరికో, ఆసుపత్రికో, మున్సిపల్ ఆఫీసుకో వెళ్లాలి. అడగాలి, సరిచూసుకోవాలి, రాయాలి. ఆ మనిషి బతుకు ఖర్చును ఎవరో భరించాలి. భరించేది ఎవరన్నదాన్ని బట్టే ఏది వార్త అవుతుందో, ఏది కాకుండా పోతుందో చాలావరకు తేలుతుంది. సాహిత్యానికి ఆర్థిక పునాది ఉందని చెప్పే మనం వార్తకున్న పునాదిని కూడా పరిశీలించాలి.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన ఆంధ్రపత్రికకు అమృతాంజనం వ్యాపారం అండగా నిలిచింది. 1952లో దినపత్రికగా వచ్చిన విశాలాంధ్రకు పార్టీ, దాని అభిమానులు అండ. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. రాష్ట్రమంతటికీ ప్రకటన ఇచ్చే స్థోమత లేని చిన్న పట్టణపు దుకాణదారు తన జిల్లా వరకు ప్రకటన ఇవ్వగలిగాడు. ఆ అనుబంధాలను నింపింది మండల స్థాయి కంట్రిబ్యూటర్లు. వారిలో చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్దిపాటి డబ్బు, తెచ్చిన ప్రకటన మీద కమిషన్, చేతిలో ఒక గుర్తింపు కార్డు. వార్త రాసే చేయి, ప్రకటన అడిగే చేయి ఒకటి కావడం అక్కడే స్థిరపడింది. ఇంటర్నెట్ దాన్ని పుట్టించలేదు, వారసత్వంగా అందుకుంది.

నేటి స్థానిక వార్తకు డబ్బు మూడు దారుల్లో వస్తోంది. మొదటిది క్లిక్కు. పాఠకుడు పేజీ తెరిచిన క్షణంలోనే అతని చూపును యంత్రాలు వేలం వేస్తాయి. గెలిచిన ప్రకటన తెర మీదికి వస్తుంది. గూగుల్ ప్రకటనల ఏర్పాటు 2018లో తెలుగు పేజీలకు వచ్చింది. యూట్యూబులో ప్రకటనల వాటా పొందాలంటే మామూలు వీడియోల ఛానెల్‌కు 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ తర్వాత కూడా ఛానెల్‌కు దక్కేది ఆ ప్రకటనల రాబడిలో 55 శాతం.

మందమర్రి పట్టణ జనాభా 2011 లెక్కల ప్రకారం 50 వేల పైచిలుకు. ఒక వార్డులో తాగునీరు రాకపోవడం మీద వీడియో తీస్తే, చూసేవాళ్లు మహా అయితే 5 వేల మంది. లెక్క కోసం వెయ్యి చూపులకు 50 రూపాయలు చేతికొస్తాయనుకుందాం. వచ్చేది 250. తీసినవాడి ఒక రోజు కూలి కూడా కాదు. అదే ఒక ప్రమాద దృశ్యమో, కుటుంబ కలహమో అయితే మందమర్రి తెలియనివాడు కూడా చూస్తాడు. అంటే వార్త ఎంత స్థానికమైతే క్లిక్కు డబ్బు అంత తక్కువ. స్థానిక వార్తను పోషిస్తుందనుకున్న ఈ పద్ధతి స్వభావరీత్యా స్థానికతకే విరుద్ధం. విలేకరి నీతిమంతుడైనా ఈ లెక్క మారదు.

అందుకే రెండో దారి: నేరుగా తెచ్చుకునే ప్రకటన. నాయకుడి పుట్టినరోజు, ప్లాట్ల వెంచరు, ప్రైవేటు బడి, పండగ శుభాకాంక్షలు. ఇక్కడ ఇచ్చేవాడి ముఖం తెలుసు కనుక అతని మీద రాయడం కష్టం. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చువేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదిక 2010లో వచ్చింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి దాన్ని తయారుచేశారు. ఆ రోగం పెద్ద పత్రికలదే అయినా చిన్న ఛానెల్‌కు దాన్ని తట్టుకునే శక్తి ఇంకా తక్కువ. బొగ్గుగని పట్టణంలో చిక్కు మరొకటి. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కొలువు ఇచ్చేది, క్వార్టరు ఇచ్చేది, దుమ్ము లేపేది ఆ సంస్థే. వార్తకు విషయమైన సంస్థే ప్రకటనకు కూడా ఆధారమైతే ప్రశ్న గొంతులోనే ఆగుతుంది.

మూడోది చందా గోడ: డబ్బు కట్టినవారికే వార్త. న్యూయార్క్ టైమ్స్ 2011లో ఈ గోడ కట్టి నిలదొక్కుకుంది. మన దేశంలో 2012లో మొదలైన న్యూస్‌లాండ్రీ పాఠకుల చందాల మీద నడుస్తోంది. ప్రకటనదారు పట్టు నుంచి ఇది విడిపిస్తుంది, నిజమే. కానీ గోడకు రెండు పక్కలుంటాయి. పర్మినెంట్ కార్మికుడు నెలకు వంద ఇవ్వగలడేమో. వేతనాల గురించి వార్త అవసరమైన కాంట్రాక్టు కార్మికుడు గోడ అవతలే మిగులుతాడు. పైగా గోడ లోపలి వార్త నకలై క్షణాల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

వేదికల చేత పత్రికలకు డబ్బు ఇప్పించాలని 2021లో ఆస్ట్రేలియా చట్టం చేసింది. 2023లో కెనడా కూడా చేస్తే, మెటా అక్కడ వార్తలనే ఆపేసింది. మన దేశంలో డిజిటల్ వార్తాసంస్థల సంఘం ఫిర్యాదు మీద 2022 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద దర్యాప్తుకు ఆదేశించింది. ఈ పోరులో బేరమాడగలిగేది పెద్ద సంస్థలే. మండల విలేకరికి అందులో కుర్చీ లేదు.

ఇది రచయితలకు ఎందుకు పట్టాలి? భాష మారుతోంది కనుక. విషయం చెప్పే శీర్షిక పోయి, విషయం దాచే శీర్షిక వచ్చింది. కార్యకారణం పోయి సంఘటన మాత్రం మిగిలింది. గని ప్రమాదం కనిపిస్తుంది, ప్రమాదానికి ముందున్న నిర్లక్ష్యం కనిపించదు. కథకుడు జీవితాన్ని పట్టుకోవడానికి ఆధారపడే సమాచారమే ఇలా పలచబడుతోంది.

2020 జనవరిలో రాష్ట్రంలోని చాలా మున్సిపాలిటీలకు ఎన్నికలు జరిగాయి. షెడ్యూల్డు ప్రాంతపు వివాదం వల్ల మందమర్రిలో జరగలేదు. కౌన్సిలర్ లేని పట్టణంలో మోరీ గురించి అడగడానికి మిగిలేది సంఘం, లేకపోతే వార్త. చిన్న పత్రికల్ని చందాలతో, కార్మిక సంఘాల తోడ్పాటుతో, లెక్క బయటపెట్టి నడిపిన అనుభవం మనకుంది. చదివేది అందరికీ తెరిచి ఉంచి, ఇవ్వగలిగినవారు ఇచ్చే ఆ పద్ధతిని స్థానిక వార్తకు ప్రయత్నించవచ్చు. దానితో అన్నీ తీరవు; సంఘం డబ్బిస్తే సంఘాన్ని విమర్శించే స్వేచ్ఛ ముందే రాసుకోవాలి. అయినా ఎవరి డబ్బుతో వార్త నడుస్తుందో చదివేవాడికి తెలియడం మొదటి షరతు. ఆ షరతును క్లిక్కు ఎన్నడూ తీర్చదు.