కాలాన్ని కుదించే కన్ను: టైమ్‌ల్యాప్స్ డ్రోన్ కథ

1901లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే వీధిలో స్టార్ థియేటర్ అనే పాత నాటకశాలను కూల్చారు. వీధికి అవతల అమెరికన్ మ్యూటోస్కోప్ అండ్ బయోగ్రాఫ్ కంపెనీ ఆఫీసు ఉండేది. ఆ కంపెనీ ఛాయాగ్రాహకుడు ఫ్రెడరిక్ ఆర్మిటేజ్ అక్కడ ఒక కెమెరాను బిగించి, నాలుగు నిమిషాలకు ఒక ఫ్రేమ్ చొప్పున రోజుకు ఎనిమిది గంటలు పనిచేసేలా అమర్చాడు. ఆ లెక్కన రోజుకు 120 ఫ్రేములు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున ఆడిస్తే ఒక పనిదినం ఏడున్నర సెకన్లలో తెర మీద గడిచిపోతుంది. కూలీలు చీమల్లా కదులుతుంటే అంత పెద్ద భవనం పైకప్పు నుంచి పునాది దాకా కళ్లముందే మాయమైంది. నగరాన్ని చూపించిన తొలి టైమ్‌ల్యాప్స్ చిత్రాల్లో అదొకటి.

దీని సూత్రం చాలా చిన్నది. నెమ్మదిగా తీయాలి, వేగంగా ఆడించాలి. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ 1900 ప్రాంతంలో మొక్కల కదలికలను ఇలాగే చిత్రించాడు. 1910లో ఇంగ్లండ్‌లో పెర్సీ స్మిత్ మొగ్గలు విచ్చుకోవడాన్ని సినిమాగా తీసి జనానికి చూపించాడు. 1982లో వచ్చిన ‘కొయానిస్కాట్సీ’ చిత్రంలో ఛాయాగ్రాహకుడు రాన్ ఫ్రిక్ మహానగరాల రాత్రులను, రోడ్ల మీద పారే వెలుగులను ఇదే పద్ధతిలో పట్టుకున్నాడు. ఈ చిత్రాలన్నిటికీ ప్రాణం కెమెరా నిలకడ. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కెమెరా అడ్డదిడ్డంగా కదిలితే తెర మీద బొమ్మ గంతులు వేస్తుంది.

మరి ఆ కెమెరా గాల్లోకి లేచి, కదులుతూ కూడా నిలకడగా ఎలా తీయగలిగింది? టైమ్‌ల్యాప్స్ డ్రోన్ జీవితకథ అంతా ఆ ప్రశ్నకు జవాబే.

గాల్లో నిలబడటం నేర్చుకున్న వందేళ్లు

1858లో పారిస్ దగ్గర నాదార్ బెలూన్ ఎక్కి తొలి వైమానిక ఛాయాచిత్రం తీశాడు. 1907లో ఫ్రాన్స్‌లోనే బ్రెగే సోదరులు, చార్లెస్ రిషే కలిసి నాలుగు రోటర్ల యంత్రం తయారుచేశారు. అది నేల విడిచింది గానీ తనంత తాను నిలబడలేకపోయింది; నాలుగు పక్కలా మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది. 1924లో ఎతియెన్ ఓమిషెన్ తన నాలుగు రోటర్ల యంత్రంతో ఒక కిలోమీటరు చుట్టు తిరిగి వచ్చాడు. అయినా ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు. నాలుగు రోటర్ల వేగాన్ని క్షణక్షణం సరిచేయడం మనిషి చేతికి మించిన పని.

ఆ పనికి కావలసిన సరంజామా వేరే అవసరాల కోసం పుట్టింది. కార్ల కోసం, ఆ తర్వాత సెల్‌ఫోన్ల కోసం తయారైన చిన్న చిన్న సిలికాన్ గైరోస్కోపులు, యాక్సెలరోమీటర్లు చవకగా దొరకసాగాయి. తక్కువ బరువులో ఎక్కువ శక్తి దాచే లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి. జీపీఎస్ సంకేతాలను అమెరికా కావాలని మసకబార్చి పౌరులకు ఇచ్చేది. 2000 మే నెలలో ఆ పని మానుకుంది. సుమారు వంద మీటర్ల దాకా ఉన్న పొరపాటు ఒక్కసారిగా పదీ ఇరవై మీటర్లకు తగ్గింది, తర్వాత ఇంకా తగ్గుతూ వచ్చింది.

నేటి డ్రోనులో రెండు రోటర్లు గడియారపు ముల్లు దిశలో, రెండు ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి డ్రోన్ గిరగిరా తిరిగిపోదు. ముందుకు పోవాలంటే వెనుక రోటర్ల వేగం పెరుగుతుంది. లోపలి కంప్యూటర్ సెకనుకు వందల సార్లు ఒంపును కొలిచి మోటార్లను సరిచేస్తుంది. గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ ఎత్తు చెబుతుంది, ఉపగ్రహాలు చోటు చెబుతాయి, కింది కెమెరాలు నేలను చూసి స్థానాన్ని మరింత కచ్చితం చేస్తాయి. వీటికి తోడు జింబల్ ఉంటుంది. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని ఎగుడుదిగుడు దారిలో నడిచే మనిషి ఒళ్లు ఊగినా బిందెను తొణకనివ్వనట్టు, డ్రోన్ ఎటు ఒరిగినా మూడు చిన్న మోటార్లు కెమెరాను మట్టంగా ఉంచుతాయి.

హైపర్‌ల్యాప్స్ వచ్చిన దారి

కెమెరా కూడా చాలా దూరం కదులుతూ తీసే టైమ్‌ల్యాప్స్‌నే హైపర్‌ల్యాప్స్ అంటారు. ముందు దీన్ని నేల మీద అడుగడుగునా ట్రైపాడ్ జరుపుకుంటూ తీసేవారు. 2014లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు యోహానెస్ కాఫ్, మైకేల్ కోహెన్, రిచర్డ్ సెలిస్కీ ఒక మార్గం చూపారు. ఊగిపోయే వీడియో నుంచి కెమెరా నడిచిన దారిని త్రీడీలో తిరిగి నిర్మించి, దానికి దగ్గరగా ఒక నున్నటి దారిని గీసి, ఆ దారిలో కెమెరా వెళ్లి ఉంటే ఏం కనిపించేదో ఫ్రేములను అతికించి చూపడం వాళ్ల పద్ధతి. అదే ఏడాది ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ ‘హైపర్‌ల్యాప్స్’ యాప్ ఫోనులోని గైరోస్కోప్ లెక్కలతో కుదుపు తీసేసింది.

చైనాలోని షెన్‌జెన్ కేంద్రంగా 2006లో పుట్టిన డీజేఐ కంపెనీ, 2013లో ఫాంటమ్ డ్రోనును బజారులోకి తెచ్చింది. 2018 ఆగస్టులో వచ్చిన మావిక్ 2 డ్రోన్లలో హైపర్‌ల్యాప్స్‌ను నేరుగా అమర్చింది. స్వేచ్ఛగా నడపడం, ఒక వస్తువు చుట్టూ తిరగడం, ఒకే దిశ పట్టుకుని సాగడం, ముందే గుర్తించిన బిందువుల మీదుగా వెళ్లడం అనే నాలుగు విధానాలు అందులో ఉన్నాయి. గుర్తించిన బిందువులకు మళ్లీ వెళ్లగలిగే ఈ నాలుగో విధానం గుణం ఏమిటో కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చూస్తే బాగా తెలుస్తుంది. ఈ మూడు ఊళ్లలో కాలం మూడు రకాల వేగాలతో నడుస్తుంది.

ప్రొద్దుటూరు: నిమిషాల లెక్క

బంగారు వ్యాపారానికీ పత్తికీ పేరు మోసిన ప్రొద్దుటూరులో చూడాల్సింది రద్దీ. గాంధీ రోడ్డు, మైదుకూరు రోడ్డు పొద్దున ఎలా నిద్రలేస్తాయో, సాయంత్రం ఎలా కిక్కిరిసిపోతాయో నిమిషాల్లో తెలుస్తుంది. రెండు సెకన్లకు ఒక ఫొటో తీశామనుకుందాం. సెకనుకు 25 ఫ్రేములతో పది సెకన్ల వీడియో కావాలంటే 250 ఫొటోలు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు డ్రోన్ గాల్లో ఉండాలి. కాలం యాభై రెట్లు కుదించుకుపోతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో మెల్లగా సాగిన డ్రోన్ తెర మీద గంటకు 180 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయినట్టు కనిపిస్తుంది. గంటకు 36 కిలోమీటర్లతో పోయే బస్సు మాత్రం ఫొటోకూ ఫొటోకూ మధ్య 20 మీటర్లు ఎగిరి దూకుతుంది. అందుకే షట్టర్‌ను కొంచెం ఎక్కువసేపు తెరిచి, వాహనం గీతలా సాగేలా తీస్తారు. పగటి వెలుగులో అది సాధ్యం కావడానికి లెన్సు ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగిస్తారు. ఫ్రేములు మిణుకుమిణుకుమనకుండా వెలుతురు అమరికలను ఆటోలో ఉంచకుండా ఒకచోట కట్టేస్తారు.

ప్రొద్దుటూరు దసరా మాత్రం డ్రోనుకు తగిన చోటు కాదు. అమ్మవారిశాల ఆలయం చుట్టూ వీధులు జనంతో నిండే రాత్రి, 60 మీటర్ల ఎత్తు నుంచి డ్రోన్ పడిపోతే, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కేస్తే గంటకు 120 కిలోమీటర్లు దాటిన వేగంతో తలల మీదికి వస్తుంది. చీకట్లో షట్టర్ ఎక్కువసేపు తెరవాలి కాబట్టి గాలికి ఊగిన ప్రతిసారీ బొమ్మ చెదురుతుంది కూడా. ఆ రాత్రికి మేడ మీద ట్రైపాడ్ వేసుకుని తీసేవారే మంచి చిత్రం తెస్తారు. ఏ పనికి ఏ యంత్రం వాడకూడదో తెలియడం కూడా విద్యలో భాగమే.

గండికోట: గంటల లెక్క

జమ్మలమడుగు దగ్గర గండికోటలో పెన్నా ఎర్రమల కొండలను చీల్చుకుని పారుతుంది. ఈ క్వార్ట్జైట్ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్ల లెక్కలో ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది వెలుగు నడక. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. ఉదయపు ఎండ పై అంచును తాకి, పొర తర్వాత పొరగా లోయలోకి దిగడానికి గంటలు పడుతుంది. చాలా డ్రోన్ల బ్యాటరీ అరగంటో, ఇంకాస్త ఎక్కువో నిలుస్తుంది. అరగంటలో సూర్యుడు జరిగేది ఏడున్నర డిగ్రీలే. కాబట్టి బ్యాటరీ మార్చి డ్రోనును మళ్లీ అదే బిందువుకు పంపాలి. జీపీఎస్ దాన్ని కొద్ది మీటర్ల తేడాతో అక్కడికే చేరుస్తుంది. మిగిలిన తేడాను, ఫొటోల్లోని రాతి అంచుల వంటి గుర్తులను పోల్చి సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది.

లోయ పెట్టే పరీక్షలు వేరే ఉన్నాయి. గోడల మధ్యకు దిగితే రాయి ఉపగ్రహాలను కప్పేస్తుంది, డ్రోన్ తన చోటు తాను తప్పుతుంది. బారోమీటర్ ఎత్తును బయలుదేరిన చోటు నుంచి కొలుస్తుంది గనుక, కొండ అంచు దాటగానే ‘50 మీటర్లు’ అని చూపిన అంకెకూ కింది నీటికీ సంబంధం ఉండదు. కింద కదిలే నీళ్లు నేలను చూసే కెమెరాలను తికమక పెడతాయి. వేసవిలో ఈ సీమలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చాలా డ్రోన్లకు తయారీదారులు పెట్టిన హద్దు అదే. 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలి కన్నా సుమారు 9 శాతం పలచన. రోటర్లు ఇంకా వేగంగా తిరగాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కాగిన రాళ్ల నుంచి లేచే వేడిగాలి ఎత్తి కుదేస్తుంది. అందుకే ఇక్కడ తెల్లవారుజామే మంచి వేళ.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2014లో మన దేశంలో పౌరులు డ్రోన్ ఎగరేయడం మీద నిషేధం పెట్టారు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు తలుపు బార్లా తెరిచాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా అనుమతి తీసుకోవాల్సిన ఎల్లో జోన్. రాష్ట్ర ప్రభుత్వం అవసరమైతే ఒక ప్రాంతాన్ని 96 గంటల దాకా డ్రోన్లు ఎగరకూడని తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అందుకే ఎక్కడ ఎగరేసినా ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడటం తప్పనిసరి. గండికోట వంటి రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతి వేరుగా కావాలి.

పులివెందుల: ఏళ్ల లెక్క

పులివెందులలో చూడాల్సిన మార్పు పది నిమిషాల్లోనో ఒక పూటలోనో దొరికేది కాదు. చీనీ తోటలు, అరటి తోటలు, వాటికి ఆధారమైన నీళ్లు ఏళ్ల తరబడి మారుతాయి. శ్రీశైలం నుంచి గాలేరు–నగరి కాలువ తెచ్చే కృష్ణా నీళ్లు 26.85 టీఎంసీల సామర్థ్యం ఉన్న గండికోట జలాశయానికి చేరతాయి. అక్కడి నుంచి ఎత్తిపోతలతో పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికి, పైడిపాలెం జలాశయానికి వెళ్తాయి. ఈ నీటి దారి ఒక బీడును తోటగా చేసింది. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊరిని నీటి పాలు చేసింది. ఒక వైపు పచ్చదనం పెరగడం, ఇంకో వైపు ఇళ్లూ గుళ్లూ చెట్లూ మునగడం ఒకే కథలోని రెండు పుటలు. రెండూ నమోదు కావాలి.

ఉపగ్రహాలు ఈ పని 1972 నుంచి చేస్తున్నాయి. ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహం 16 రోజులకోసారి అదే చోటు మీదుగా వెళ్తుంది. కానీ దాని సాధారణ చిత్రంలో ఒక చుక్క 30 మీటర్ల నేల. ఒక ఇల్లు, ఒక చీనీ చెట్టు అందులో కలిసిపోతాయి. వంద మీటర్ల ఎత్తు నుంచి మంచి డ్రోన్ కెమెరా తీసిన చిత్రంలో ఒక చుక్క రెండు మూడు సెంటీమీటర్లు. కేంద్రం 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో గ్రామాల ఇళ్ల స్థలాలను, అదే ఏడాది డిసెంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలో పొలాలను డ్రోన్లతో చిత్రించింది ఈ శక్తి కోసమే. సర్వే ఒక రోజు నేలను చూపిస్తుంది. ఆ నేల ఎటు పోతోందో చూపించేది మళ్లీ మళ్లీ తీసిన చిత్రమే.

మన దగ్గర డ్రోన్ ఎగరేసే పిల్లలకు కొదవ లేదు. పెళ్లి వీడియోలతో చెయ్యి తిరిగినవారు చాలామంది. వాళ్లు తీసే గండికోట సూర్యోదయాలు కళ్లకు పండగే. కానీ ఆ చిత్రాలు ఏ బిందువు నుంచి, ఏ ఎత్తు నుంచి, ఏ దిశగా తీశారో రాసి పెట్టుకోకపోతే, వచ్చే ఏడాది ఇంకొకరు అదే చూపును పట్టుకోలేరు. ఆర్మిటేజ్ కెమెరా ఒక భవనం కథ చెప్పగలిగింది అది కదలకుండా కూర్చున్నందుకే. డ్రోన్ కదులుతుంది గనుక దాని నిలకడను అంకెల్లో రాసి పెట్టాలి: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, కెమెరా వాలు, తేదీ, గంట.

పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులు, మున్సిపాలిటీలు, డ్రోన్ ఉన్న ఫొటోగ్రాఫర్లు కలిసి ఈ మూడు ఊళ్లలో కొన్ని బిందువులను ఎంచుకోవచ్చు. ప్రతి ఏటా వానల ముందొకసారి, వానల తర్వాత ఒకసారి అవే బిందువుల నుంచి తీసి, ఎవరైనా చూడగలిగేలా భద్రపరిస్తే చాలు. పదేళ్లకు పెన్నా ఇసుక ఎంత తగ్గిందో, ఏ చెరువు పూడిందో, ఏ వంక మీద ప్లాట్లు వెలిశాయో, ఏ బీడు తోటయిందో వాదనలు అక్కర్లేకుండా కనిపిస్తుంది. నేల గురించి తీసుకునే నిర్ణయాలు నేలను చూసి తీసుకోవడానికి ఇంతకన్నా చవకైన సాధనం మన చేతికి ఇంతవరకూ రాలేదు. దాన్ని వాడుకోవడం మన బాధ్యత.