గూడెం దాకా వచ్చే మందు

భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడొందల కిలోమీటర్ల పైమాటే. అడవి అంచు గూడెం వాళ్లకైతే భద్రాచలం చేరడమే ఓ ప్రయాణం. రోజుల తరబడి నరానికి ఎక్కించాల్సిన మందు రాశారంటే, కూలి పనులు మానుకుని పట్నంలో మకాం పెట్టాల్సిందే.

బ్లాక్ ఫంగస్‌కు వాడే ఆంఫోటెరిసిన్-బి అలాంటిదే. ఫంగస్‌ను చంపుతుంది, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఆ ముప్పు తగ్గించడానికే దాన్ని కొవ్వు బుడగల్లో పెట్టి ఎక్కిస్తారు. ఒక్కో బుడగ వంద నానోమీటర్లలోపే... అంటే తల వెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు! 2021లో ఆ ఇంజెక్షన్ దొరక్క జనం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

అదే ఏడాది మేలో ఐఐటీ హైదరాబాద్ మరో దారి చూపింది. సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మల బృందం ఇదే మందును జెలటిన్ నానో పోగుల్లో ఇమిడ్చి 60 మిల్లీగ్రాముల మాత్రగా చేసింది. పోగుల్లోంచి మందు కొద్దికొద్దిగా విడుదలవుతుంది కాబట్టి మూత్రపిండాలపై భారం తగ్గుతుందన్నది వాళ్ల ఆలోచన. మాత్ర ధర సుమారు 200 రూపాయలని అంచనా వేశారు. మేధోహక్కుల అడ్డు లేకుండా కంపెనీలు తయారు చేసుకోవచ్చన్నారు.

ప్రయోగశాల నుంచి మందుల షాపుకి రావాలంటే ఏ మందైనా పరీక్షలన్నీ నెగ్గాలి. ఆ దారి పొడవైనదే. ఇలాంటి మాత్ర దాన్ని దాటితే... ఆపరేషన్‌కు పట్నం తప్పకపోయినా, మిగతా మందు ఇంటి దగ్గరే మింగొచ్చు. గూడేనికి అదే పెద్ద ఊరట.