పాత ఇల్లు, పలువురికి నీడ

పెద్దల నాటి ఇల్లు పంపకానికి వచ్చినప్పుడు మన కుటుంబాల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, అమ్మేద్దాం. రెండు, కూల్చి కట్టుకుందాం. మూడో దారి కూడా ఉంది. ఆ ఇంటినే నిలిపి, మూడు నాలుగు కుటుంబాలు ఎవరి గౌరవం వారికి దక్కేలా అందులో నివసించవచ్చు.

పాత కట్టడం కొత్త అవసరానికి పనికిరాదనుకోవడం సరికాదు. మన కల్వకుర్తికి చేరువలోనే వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్ కళాశాలగా మారింది. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల వెలసింది. ఇక నివాసం సంగతి చూద్దాం. పూర్వపు హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల హజ్ యాత్రికులకు మక్కాలో నిజాం రుబాత్ ఉచిత బస కల్పిస్తూ వచ్చింది. కల్వకుర్తి కూడా ఆ సంస్థానంలోనిదే. ఒకే కప్పు కింద పలువురు సర్దుకుని ఉండటం మనకు కొత్త కాదు.

సహాబాల ఆదర్శం

హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) తమ ఇళ్లను వక్ఫ్ చేస్తూ పెట్టిన నియమం సహీహ్ బుఖారీలోని వసీయతుల అధ్యాయంలో నమోదైంది. భర్త నుండి విడిపోయి వచ్చిన కుమార్తెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటుంది. ఆమె ఎవరికీ హాని చేయరాదు, ఆమెకూ ఎవరూ హాని చేయరాదు. తిరిగి వివాహమై అవసరం తీరితే ఆ హక్కు ముగుస్తుంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కూడా తమ తండ్రి ఇంటిలో తమకు వచ్చిన వాటాను తమ సంతతిలోని అవసరార్థుల నివాసానికి కేటాయించారు.

మరి మన ఇళ్లలో ఆ కుమార్తెకు గది ఎక్కడ? తలాఖ్ అయినా, భర్త మరణించినా పుట్టింటికి చేరిన ఆడపడుచు వదినల వంటింటి మూలన రోజులు వెళ్లదీస్తుంది. ఇల్లు అమ్మిన నాడు "నీ పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అన్న మాటతో ఆమె వాటా మాయమవుతుంది. తల్లిదండ్రుల ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకు వాటా ఉందని నిసా సూరా 7వ ఆయత్ స్పష్టం చేస్తోంది. పెళ్లి ఖర్చు ఆ వాటాకు బదులు కాదు.

ముందు హక్కులు, తర్వాత గోడలు

కనుక మొదట అక్కాచెల్లెళ్లతో సహా అందరి వాటాలు తేల్చాలి. ఎవరు ఏ గదులు వాడతారు, మరమ్మతు ఖర్చు ఎలా పంచుకుంటారు, ఒకరు వాటా వదులుకోదలిస్తే ఏం చేయాలి, ఇవన్నీ సాక్షుల సమక్షంలో రాసుకోవాలి. నోటి మాట ఒక తరానికి మించి నిలవదు.

తర్వాతే తాపీమేస్త్రీని పిలవాలి. పాత ఇళ్లలో కప్పు బరువును గోడలే మోస్తాయి. ఇంజనీరుకు చూపించకుండా కొత్త ద్వారం కొట్టడం ప్రమాదం. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోక గోడ పాడవుతుంది. మరమ్మతు కూడా సున్నంతోనే చేయాలి. స్నానపు గదులను ఇంటి నడుమ కాక వెలుపలి గోడ వైపు కట్టాలి. ప్రతి కుటుంబానికీ వేరే వంటగది, వేరే వాకిలి ఉండాలి. నడిమి లోగిలి మాత్రం అందరిదీ. ఎదురెదురు కిటికీల విషయంలో పర్దాను మరువరాదు. అనుమతి లేనిదే ఇతరుల ఇంట అడుగుపెట్టవద్దని నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశిస్తోంది. ఒకే ప్రహరీలో ఉన్నా ఈ ఆజ్ఞ వర్తిస్తుంది.

మదీనాలో దైవప్రవక్త (స) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంటి కింది భాగంలో బస చేశారు. పైన ఉన్న ఆ దంపతుల నీటి కుండ ఒకనాడు పగిలింది. కింద ఒక్క చుక్క కూడా పడకూడదని వారు తమకున్న ఒకే దుప్పటితో ఆ నీటిని అద్దారు. కలిసి నివసించేవారికి ఇంతటి శ్రద్ధ అవసరం. అది ఉంటే పాత ఇల్లు ఎందరికైనా సరిపోతుంది. అది లేనినాడు కొత్త మేడ కూడా ఇరుకే.