రెప్పల అంచుకు రేడియో కాపడం

కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడటం, సాయంత్రానికి మంట, ఫ్యాను గాలి సోకితే చాలు బొటబొటా నీరు కారడం వంటి బాధలతో వచ్చినవారికి కళ్లు పొడిబారాయని వైద్యులు చెప్తే, నీరు కారే కన్ను పొడిబారడమేమిటన్న సందేహం కలగడం సహజం. కన్నీరు వట్టి నీరు కాదన్న సంగతిలోనే దీనికి సమాధానం ఉంది. కంటిని అంటిపెట్టుకుని జిగురుపొర, దాని మీద లవణాలూ ప్రొటీన్లూ కలిసిన నీటిపొర, అన్నిటికంటే పైన ఆ నీరు ఆవిరైపోకుండా కాచే పలుచని నూనెపొర ఉంటాయి. నూనె చాలనప్పుడు రెప్పపాటుకూ రెప్పపాటుకూ మధ్యనే కన్నీటి పొర చెదిరిపోతుంది. బయటపడిన కంటి ఉపరితలం చురుక్కుమనడంతో మెదడు హడావిడిగా నీటిని పంపుతుంది. నూనె లేని ఆ నీరు నిలవలేక చెంపల మీదికి జారిపోతుంది.

ఈ నూనెను తయారుచేసేవి మీబోమియన్ గ్రంథులు. జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ 1666లో వీటిని వివరంగా వర్ణించడంతో వాటికి ఆయన పేరే స్థిరపడింది. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉండే ఈ సన్నని గొట్టాలు వెంట్రుకల వరుసకు వెనుకగా, రెప్ప అంచున తెరుచుకుంటాయి. ఆరోగ్యవంతుల్లో రెప్పకు సహజంగా ఉండే వెచ్చదనానికే కరిగి ఉండే నూనె, జబ్బుపడిన గ్రంథుల్లో చలికాలపు నెయ్యిలా పేరుకుని రంధ్రాలను మూసేస్తుంది. తెర ముందు కూర్చున్నవారిలో రెప్పపాట్లు బాగా తగ్గిపోవడం, వేసిన రెప్ప కూడా సగంలోనే ఆగిపోవడం వల్ల, గ్రంథులను పిండే సహజ వ్యాయామం కూడా కరవై పరిస్థితి మరింత ముదురుతుంది. చుక్కల మందు తాత్కాలికంగా తడిని అందిస్తుందే గాని మూసుకుపోయిన గొట్టాన్ని తెరవదు.

అందుకే ఈ జబ్బుకు కాపడం పాత చికిత్స, ఇప్పటికీ మొదటి చికిత్స. అయితే రెప్ప లోపలి పొరకు సుమారు 40 డిగ్రీల వేడి కొన్ని నిమిషాలపాటు నిలకడగా అందాలి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ రెండు మూడు నిమిషాల్లోనే చల్లారిపోతుంది, రోజూ చేసే ఓపిక అంతకంటే ముందే చల్లారుతుంది. రేడియో తరంగాల చికిత్స ప్రవేశించింది ఈ లోటులోకే.

అతి వేగంగా దిశ మార్చుకునే విద్యుత్తు కండరాలను కుదపకుండానే శరీరం గుండా ప్రవహించగలదని ఫ్రెంచి శాస్త్రవేత్త ఆర్సెన్ దార్సోన్వాల్ 1890ల నాటికే చూపాడు. సెకనుకు లక్షలసార్లు దిశ మార్చే ఆ ప్రవాహానికి కణజాలం అడ్డుపడటం వల్ల వేడి బయటి నుంచి లోపలికి రాకుండా కణజాలంలోనే పుడుతుంది. కళ్ల చుట్టూ ముడతలను తగ్గించే సౌందర్య చికిత్సగా 2000ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ పద్ధతిని కంటి వైద్యులు తరువాత రెప్పల గ్రంథుల వైపు మళ్లించారు.

చికిత్సలో కంటిని మొద్దుబార్చే చుక్కలు వేసి, కార్నియాకు రక్షణగా రెప్ప కింద గిన్నెలాంటి కవచాన్ని అమర్చుతారు. చర్మానికి జెల్ రాసి, పరికరపు పిడిని కింది రెప్ప చుట్టూ, చెంప ఎముక వెంబడి ఆపకుండా తిప్పుతూ, చర్మపు ఉష్ణోగ్రత 40–43 డిగ్రీల దగ్గర నిలిచేలా చూస్తారు. వెంటనే రెప్పను చిన్న పటకారుతో నొక్కితే, తేటగా రావలసిన నూనె టూత్‌పేస్టులా తెల్లగా, ముద్దగా బయటికి వస్తుంది. ఇబ్బంది పెట్టేది వేడికంటే ఈ నొక్కుడే. కొన్ని వారాల వ్యవధిలో ఇలాంటి విడతలు మూడో నాలుగో సాధారణంగా అవసరమవుతాయి.

దీనితో పోటీపడే తీవ్ర కాంతి చికిత్సలో ఒక పరికరానికి పొడి కళ్ల కోసమే 2021లో అమెరికా ఆమోదం లభించింది గాని, ఆ కాంతిని చర్మంలోని మెలనిన్ పీల్చుకుంటుంది కనుక చామనఛాయ, నల్లని చర్మాల మీద కాలిన మచ్చలు పడే ప్రమాదం ఉంది. రేడియో తరంగాలకు రంగుతో పని లేదు. తెలుగువారి చర్మానికి ఇది కాదనలేని అనుకూలత. ఆ అనుకూలతను శాశ్వత పరిష్కారంగా చూపే ప్రకటనలను మాత్రం నమ్మనక్కర్లేదు. ఇంతవరకు జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం కొద్దిమంది రోగులతో కొద్ది నెలలపాటే సాగాయి. చాలా వాటిలో కాంతి చికిత్సనో, గ్రంథులను నొక్కడాన్నో జోడించడం వల్ల, ఉపశమనంలో రేడియో తరంగాల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు, రెప్పల మీద ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి ఈ చికిత్స చేయరు. దేహపు రోగనిరోధక శక్తే కన్నీటి గ్రంథి మీద దాడి చేసే షోగ్రెన్ వ్యాధిలో ప్రధానంగా కొరవడేది నీరు కాబట్టి, నూనెను కరిగించినంత మాత్రాన ఆ కొరత తీరదు. రెప్ప అంచున కాగితపు పట్టీ ఉంచి అయిదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలిచే షిర్మర్ పరీక్ష ఆ తేడాను కొంతవరకు పట్టిస్తుంది. రెప్పను తిరగేసి పరారుణ కాంతిలో తీసే చిత్రం అంతకంటే నిక్కచ్చి: తెల్లని గీతల్లా కనిపించే గ్రంథుల్లో మూసుకుపోయినవాటిని వేడి తెరవగలదు గాని, గీత చెరిగి ఖాళీగా మిగిలిన చోట కరిగించడానికి ఏమీ ఉండదు.