కంప్యూటరు మోత - సైకిల్ ట్యూబు ముక్కలు



మా ఊరి బడిలో ఒక పాత కంప్యూటరు ఉంది. సాయంత్రం అదే గదిలో ఆడవాళ్లు చదువుకుంటారు. కొందరు పుస్తకం చదువుతుంటే, ఒకరు కంప్యూటరు మీద తమ పేరు కొట్టడం నేర్చుకుంటారు. అది మొదలుపెడితే చాలు, గుయ్ గుయ్‌మని ఒకటే మోత. కింద ఇనుప బల్ల. అది కూడా జర్రున అదిరేది.

మాలో ఒక పెద్దమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. "ఈ మోతలో నువ్వు చెప్పేది నాకు అందట్లేదు. రేపట్నుంచి రాను బిడ్డా" అంది. నాకు మనసు చివుక్కుమంది. మూడు నెలలు కష్టపడి గుణింతాల దాకా వచ్చింది ఆమె.

ఈ మోత ఎక్కడిది? కంప్యూటరు పెట్టెలో చిన్న ఫ్యాను ఉంటుంది. పనిచేసేటప్పుడు లోపల వేడి పుడుతుంది. ఆ వేడిని ఫ్యాను బయటికి తోస్తుంది. అది నిమిషానికి వెయ్యి సార్లకు పైగా తిరుగుతుంది. రెక్కలకు దుమ్ము పడితే తూకం తప్పుతుంది. అప్పుడు పెట్టె అదురుతుంది. ఆ అదురు బల్లలోకి దిగుతుంది. బల్ల డప్పులాగా మోత పెంచుతుంది.

నేను పెట్టెను రెండు చేతులతో కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాను. మోత సగం తగ్గింది! అంటే సగం మోత బల్లదే.

"కారం దంచేటప్పుడు రోలు కింద గోనెపట్టా వేస్తాం కదా. దీనికీ ఏదైనా వేద్దామా?" అని ఒక అక్క అడిగింది. ఎంత మంచి మాట! నాకు తట్టనే లేదు.

ఇంకో చెల్లి పాత చీర తెచ్చి పెట్టె మీద కప్పబోయింది. అది మాత్రం వద్దన్నాను. గాలి సందులు మూసుకుపోతే వేడి లోపలే ఉంటుంది. కంప్యూటరు పాడైపోతుంది.

ముందు కంప్యూటరు ఆపాం. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేశాం. పొడి కుంచెతో గాలి సందుల మీది దుమ్ము దులిపాం. ఎంత దుమ్మో! పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున నాలుగు ముక్కలు కోశాం. ఒక్కో ముక్కను రెండు మడతలు పెట్టాం. పెట్టె నాలుగు మూలల కింద పెట్టాం. మడతలన్నీ ఒకే మందం ఉండాలి. లేకపోతే పెట్టె ఊగుతుంది. అడుగున సందులుంటే వాటికి అడ్డం రాకూడదు.

రబ్బరు మెత్తన. అదురును తనలోనే అణచుకుంటుంది. బల్లకు పోనివ్వదు.

మోత పూర్తిగా పోలేదు. సన్నగా వినిపిస్తూనే ఉంది. పెద్దమ్మను ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాను. పాఠం మొదలుపెట్టగానే, "ఎందుకట్లా అరుస్తావు బిడ్డా, వినపడుతోందిగా" అంది. అందరూ నవ్వారు.

ఒక్క మాట. కరెంటు వైరు వచ్చి తగిలే డబ్బా ఒకటి పెట్టె లోపల ఉంటుంది. దాన్ని ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు పీకినా అందులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. పెట్టెలో టక్ టక్‌మని చప్పుడు వస్తే రబ్బరు ముక్కలతో పోదు. మనం దాచుకున్న రాతలన్నీ ఉండే భాగం చెడిపోతోందేమో. వెంటనే వాటిని వేరేచోట దించుకుని, బాగుచేసే అతన్ని పిలవాలి.