వెన్న శాతమూ, గుండె నాళమూ

ఎర్రగుంట్లలో తెల్లవారకముందే పాల కేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడే సభ్యుల మొదటి ప్రశ్న, "ఈ పూట వెన్న ఎంత వచ్చింది?" అనేదే. పాల ధర ఆ శాతాన్ని బట్టే కదా! అయితే సభ్యులు కొందరు మమ్మల్ని ఇంకొక మాట కూడా అడుగుతున్నారు: "రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువ ఉందన్నారు. నెయ్యి మానేయాలా?" పాల సంఘం వాళ్లమని ఈ ప్రశ్నను దాటవేయడం మాకు తగదు.

కొవ్వు నీళ్లలో కలవదు. పాలలో కలిసి ఉండడానికి కారణం, ప్రతి వెన్న బొట్టు చుట్టూ ఒక పలుచని పొర ఉండడమే. కవ్వంతో చిలికితే ఆ పొర చిట్లి వెన్న పైకి తేలుతుంది. రక్తంలోనూ ఇదే ఏర్పాటు. శరీరం కొలెస్టరాల్‌ను మాంసకృత్తులున్న పొరలో మూటగట్టి పంపుతుంది. ఈ మూటలే లైపోప్రోటీన్లు. వీటిలో ఎల్.డి.ఎల్. అనేది కొలెస్టరాల్‌ను కణాలకు చేరవేస్తుంది. హెచ్.డి.ఎల్. మిగిలినదాన్ని తిరిగి కాలేయానికి తెస్తుంది. ప్రతి కణానికీ కొలెస్టరాల్ అవసరమే, చిక్కంతా ఎల్.డి.ఎల్. మితిమీరినప్పుడే.

గుండె నాళంలో కొవ్వు, బోరు పైపులో ఉప్పు పేరుకున్నట్లు పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. నాళం గోడ ప్రాణమున్నది. లోపల ఒక పలుచని పొర, దాని వెనుక కండర కణాలు ఉంటాయి. పెద్దవాళ్లలో ఈ కండర కణాలు మామూలుగా పెరగక ఊరకే ఉంటాయి. ఎల్.డి.ఎల్. ఎక్కువైతే లోపలి పొర కిందికి దూరి, నిలవ నెయ్యి గాలికి చెడినట్లు అక్కడ చెడిపోతుంది. తెల్ల కణాలు వచ్చి దాన్ని మింగి ఉబ్బిపోతాయి. అక్కడ పుట్టే రసాయనాలు కండర కణాలను పిలుస్తాయి. అవి లోపలికి జరిగి, సంఖ్య పెంచుకుని, నార వంటి పదార్థాన్ని అల్లుతాయి. అంటే గోడే పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. ఈ నార కప్పు గట్టిగా ఉన్నంతకాలం కొంత రక్షణే. అది పలుచబడి చిట్లితే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది.

కొలెస్టరాల్ మేతతో కుందేళ్ల నాళాలు చెడతాయని రష్యాలో అనిచ్కోవ్ 1913లోనే చూపారు. 1970లలో షికాగోలో విస్లర్ బృందం కోతుల నాళాల కండర కణాలను గాజు పాత్రలలో పెంచింది. కొవ్వు మేత తిన్న కోతుల రక్తద్రవం కలిపితే, పెరుగుదల ఆగిన కణాలు మళ్లీ పెరిగాయి. ఎల్.డి.ఎల్.ను కణాలు ఎలా అందుకుంటాయో కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది పట్నంలో కూర్చుని తినేవారి జబ్బు అనుకోకండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాలలో మరణాలను పరిశీలిస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. బండల గనిలో చెమటోడ్చే మనిషైనా బీడీ మానకపోతే అతని నాళాలకు ముప్పు ఉన్నట్లే.

ఇక నెయ్యి సంగతి. నెయ్యిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే, అది ఎల్.డి.ఎల్.ను పెంచుతుంది. పరీక్షలో ఎక్కువని తేలినవారు నెయ్యి, మీగడ బాగా తగ్గించి, వెన్న తీసిన మజ్జిగ తాగవచ్చు. సంగటిలోకి పప్పు, ఆకుకూర ఎక్కువ వేసుకోండి. బీడీ, సిగరెట్టు మానండి. రక్తపోటు, చక్కెర చూపించుకోండి. డాక్టరిచ్చిన మాత్రలను సొంతంగా ఆపవద్దు. ఛాతీ బిగిసి చెమటలు పడితే గ్యాసు అనుకుని కూర్చోక వెంటనే 108కి ఫోన్ చేయండి.

వెన్న శాతం ఎక్కువున్న పాలు కేంద్రానికి తెండి, సంతోషమే. మీ రక్తంలో ఎల్.డి.ఎల్. ఎంత ఉందో కూడా ఒకసారి చూపించుకోండి.