ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడవ తీగ

అనేక పంచాయతీ కార్యాలయములలో బీరువా ప్రక్కన చుట్టచుట్టి పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి కనబడును. గ్రామసభకు మైకు అమర్చవలసి వచ్చినను, వైద్య శిబిరములో కూలరు నడుపవలసి వచ్చినను, ఆగస్టు 15న జెండా కొయ్య వద్దకు కరెంటు కావలసి వచ్చినను దానినే తీసికొనిపోవుదురు. తీగ పొడవు చాలదు. అంతట ఎవరో ఒకరు దానిని మధ్యకు కోసి, చేతికందిన మరియొక తీగముక్కను మెలిపెట్టి, టేపు చుట్టుదురు. మైకు పలుకును. పని పూర్తియైనదని అందరును తలంతురు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. బోర్డు పనిచేయుటకు రెండు తీగలు చాలును. దానిని వాడు మనుష్యుని కాపాడుటకు మూడవది కావలెను. అతికిన ముక్కలో రెండు తీగలే యున్నచో ఆ లోటు పైకి కానరాదు.

ఫేజు తీగ విద్యుత్తును తెచ్చును, న్యూట్రల్ తీగ మరలించును. ఎర్త్ తీగలో మామూలు వేళలందు చెప్పుకొనదగిన ప్రవాహము ఉండదు. ఇనుప కూలరు లోపల ఒరిసిపోయిన ఫేజు తీగ దాని రేకును తాకినదనుకొందము. ఎర్త్ సక్రమముగా నున్నచో హెచ్చు ప్రవాహము ఆ దారిని పోయి ఫ్యూజు కాలిపోవును, లేదా ఎం.సి.బి. పడిపోవును. ఎర్త్ లేనిచో ఏమియు జరుగదు. కూలరు చల్లగాలి నిచ్చుచునే యుండును, రేకు మాత్రము 230 వోల్టులతో నిలిచియుండును. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి దానిని ముట్టిన బాలుని శరీరమే అప్పుడు కరెంటుకు దారి యగును.

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగాను పొడవుగాను ఉండుట సభ్యులు చూచియే యుందురు. ప్లగ్గు పెట్టునపుడు ముందుగాను, తీయునపుడు కడపటగాను ఎర్త్ తగులవలెనని అట్లు చేసినారు. ఆ పిన్నును విరిచివేసి వాడు అలవాటు కొన్నిచోట్ల కలదు. దానిని తెలివి అనుటకు వీలులేదు.

బోర్డును పొడిగించవలసివచ్చినచో అతుకు వేయుటకంటె తీగ మొత్తమును మార్చుట మేలు. నేలమీద ఈడ్వబడి, త్రొక్కబడి, వానకు తడియు తీగలో అతుకే మొదట తెగునట్టిది. ఐ.ఎస్.ఐ. గుర్తుగల, మూడు తీగలుగల రాగి కేబులునే కొనవలెను. ముప్పది మీటర్ల పొడవునకు 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నతీగ వాడి 6 ఆంపియర్లు లాగినచో, పాతకాలపు 60 వాట్ల దీపములో ఖర్చగునంత విద్యుత్తు తీగలోనే వేడిగా మారిపోవును. 1.5 తీగ వాడిన అది సగమగును. చుట్టను పూర్తిగా విప్పకుండ వాడినచో ఆ వేడి పోవు దారిలేక పైతొడుగు మెత్తబడును. 6 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగినది 1,380 వాట్లు మాత్రమే. 1,500 వాట్ల నీటి హీటరును దానికి తగిలింపరాదు.

పని మొదలిడుటకు ముందు స్విచ్చి కట్టుట చాలదు. ప్లగ్గును గోడనుండి ఊడదీసి కంటికెదురుగా పెట్టుకొనవలెను. కొత్త కేబుళ్లలో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రల్, ఆకుపచ్చపై పసుపు చారలున్నది ఎర్త్. పాతవానిలో వరుసగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ప్లగ్గులో ఎల్, ఎన్, ఇ అను అక్షరముల గుర్తులవద్ద వరుసగా వీనిని బిగించవలెను. రాగి పోగు ఒక్కటియు బయటికి పొడుచుకొని రాకూడదు. ఎర్త్ తీగను తక్కినవానికంటె కొంచెము పొడవుగా వదలవలెను; కేబులును ఎవరైన గుంజినపుడు ఫేజు ముందు ఊడి, ఎర్త్ కడవరకు నిలుచును. కేబులు పైతొడుగు ప్లగ్గు లోపలికి వచ్చి పట్టీక్రింద బిగియవలెను. గుంజుడు భారము పట్టీపై పడవలెనుగాని స్క్రూలపై కాదు. బోర్డులోని స్విచ్చి ఫేజుమీదనే యుండవలెను.

దీపము వెలిగించి చూచుట పరీక్ష కాదు. ప్లగ్గు గోడకు లేనప్పుడే మల్టీమీటరుతో ప్లగ్గు ఎర్త్ పిన్నుకును, ప్రతి సాకెట్టు ఎర్త్ రంధ్రమునకును నడుమ సంబంధ మున్నదో లేదో చూడవలెను. మామూలు నియాన్ టెస్టరు ఈ సంగతి చెప్పదు. గోడ సాకెట్టుకే ఎర్త్ లేనిచో బోర్డు ఎంత బాగుచేసినను ఫలము లేదు. ఆ పని లైసెన్సుగల వైర్‌మన్‌కు అప్పగించవలెను. అతడు వచ్చినపుడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని పెట్టించుట మంచిది.

రెండు కొనలకును ప్లగ్గులు బిగించిన తీగ కార్యాలయములో నున్నచో నేడే దానిని తీసివేయవలెను. ఒక కొన గోడలో నుండగా రెండవ కొన పిన్నులు బయటనే కరెంటుతో నుండును. మార్చివేసిన పాత కేబులునకు ప్లగ్గు కోసివేసిన పిమ్మటనే దానిని పాతసామానులో వేయవలెను. లేనిచో పందిళ్ల కాలమున ఎవరో దానిని వెదకి తీసి మరల గోడకు తగిలింతురు.